తుంటి విరిగినప్పుడు ఆపరేషన్‌కి ముందే ఇచ్చే నర్వ్ బ్లాక్: తరచుగా అడిగే ప్రశ్నలు

తుంటి విరిగిందని ఎక్స్‌రేలో తేలగానే అందరి దృష్టీ ఆపరేషన్ మీదికి వెళ్ళిపోతుంది. ఎప్పుడు చేస్తారు, ఎవరు చేస్తారు, రాడ్డా, బంతి మార్పిడా అని. ఆపరేషన్ దాకా ఆ మనిషి పడే నొప్పి గురించి అడిగేవాళ్ళు తక్కువ. ఈ ప్రశ్నలూ జవాబులూ ఆ మధ్య గంటల గురించి. పక్కన కూర్చుని చూసుకుంటున్న కొడుకులు, కూతుళ్ళు, కోడళ్ళు, మనవల కోసం రాసినవి.

నర్వ్ బ్లాక్ అంటే ఏమిటి?

విరిగిన చోటు నుంచి నొప్పి కబురును మెదడుకి మోసుకెళ్ళే నరాల చుట్టూ మొద్దుబరిచే మందు ఇవ్వడం. పన్ను పీకేముందు చిగురుకి ఇచ్చే ఇంజెక్షన్‌లో ఉండే మందుల కోవలోదే ఈ మందు కూడా. బ్యుపివకైన్, లీవోబ్యుపివకైన్, రోపివకైన్ ఎక్కువగా వాడతారు. సూది గజ్జ దగ్గర పడుతుంది. మనిషి మెలకువగానే ఉంటారు, మాట్లాడుతూనే ఉంటారు. ఆ కాలి పైభాగం మాత్రం మొద్దుబారుతుంది.

కదలకుండా పడుకుంటే పెద్దగా నొప్పి లేదంటున్నారు. అయినా బ్లాక్ కావాలా?

మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలి కింద దిండు పెట్టి, "ఎలా ఉందమ్మా?" అని అడిగితే చాలామంది "పర్లేదు" అనే అంటారు. ఆ జవాబు నమ్మి నొప్పి లేదని రాసేసుకుంటే పొరపాటే. ఎక్స్‌రే టేబుల్ మీదికి మార్చేటప్పుడు చూడండి. దుప్పటి మార్చడానికి పక్కకి తిప్పేటప్పుడు, బెడ్‌పాన్ పెట్టడానికి నడుం కొంచెం ఎత్తేటప్పుడు చూడండి. అంతసేపూ మౌనంగా ఉన్న మనిషి మంచం ఊచ పట్టుకుని కేక పెడతారు. విరిగిన రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి జరుగుతాయి, చుట్టూ ఉన్న తొడ కండరాలు బిగదీసుకుపోతాయి. ఆ బిగువు ముక్కల్ని ఇంకా లాగుతుంది.

అందుకే నొప్పిని కొలవాల్సింది కదిలించినప్పుడు. డాక్టర్‌తోనూ నర్స్‌తోనూ ఆ మాటే చెప్పండి: "పడుకున్నప్పుడు బాగానే ఉంటోంది, తిప్పితే తట్టుకోలేకపోతోంది" అని. ఈ ఒక్క వాక్యం నొప్పి మందు విషయంలో నిర్ణయాన్ని మార్చేస్తుంది.

కదిలితే నొప్పి అన్న భయానికి ఇంకో బాధ కూడా తోడవుతుంది. మూత్రానికి లేవాల్సి వస్తుందని పెద్దవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. గట్టిగా దగ్గరు, ఊపిరి నిండుగా పీల్చరు. పక్కకి ఒత్తిగిలరు. ఒంట్లో నీరు తగ్గడం, ఊపిరితిత్తుల్లో కఫం పేరుకోవడం, పిరుదుల దగ్గర పడక పుండు మొదలవడం అన్నీ అక్కడినుంచే.

రేపెలాగూ ఆపరేషన్ కదా, ఒక్క రోజు ఓర్చుకోలేరా?

ఓర్చుకోవాల్సిన అవసరం లేదన్నదే నా జవాబు. ఆసుపత్రిలో చేరిన రోజే గాని, మర్నాడు గాని ఆపరేషన్ అయిపోవాలని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతాయి. అమెరికా ఎముకల సర్జన్ల అకాడమీ 24 నుంచి 48 గంటల లోపు అంటుంది. అన్నీ కుదిరితేనే ఆ మాట. గుండె పరీక్షలు, రక్తం ఏర్పాటు, థియేటర్ ఖాళీ, ఇలా ఏదో ఒకటి అడ్డం పడితే ఆ ఒక్క రోజు రెండు మూడు రోజులవుతుంది. ఈలోగా ఆ మనిషిని పదిసార్లు కదిలించాల్సి వస్తుంది.

పెద్ద వయసులో నొప్పి ఒట్టి బాధతో పోదు. రాత్రంతా నిద్ర ఉండదు, గుండె వేగంగా కొట్టుకుంటుంది, బీపీ ఎగబాకుతుంది. తెల్లారేసరికి కొందరు మాట తడబడుతూ, మనుషుల్ని పోల్చుకోలేక, సెలైన్ పైపు పీకేస్తూ కనిపిస్తారు. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. తుంటి విరిగిన పెద్దవాళ్ళలో ఇది చాలా మామూలు సమస్య. తగ్గించని నొప్పి దానికి ఒక పెద్ద కారణం.

నొప్పి ఇంజెక్షన్లు ఇస్తూనే ఉన్నారు. అవి చాలవా?

పారాసెటమాల్ తప్పకుండా ఇవ్వాలి. నొప్పి వచ్చినప్పుడు అడిగితే ఇచ్చేలా కాకుండా, గడియారం ప్రకారం ఆరు గంటలకోసారి. 50 కిలోల కన్నా తక్కువ బరువున్నవాళ్ళకి, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకి మోతాదు తగ్గిస్తారు. అయితే విరిగిన తుంటికి పారాసెటమాల్ ఒక్కటీ ఆనదు.

డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి మామూలు నొప్పులకి బాగా పనిచేస్తాయి కాబట్టి అవే ఇమ్మని అడిగేవాళ్ళున్నారు. ఈ వయసులో, ఈ పరిస్థితిలో అవి వద్దనే నైస్ చెబుతోంది. ఒంట్లో నీరు తగ్గి, రక్తం పోయి ఉన్న మనిషి కిడ్నీల మీద అవి దెబ్బ కొడతాయి, కడుపులో రక్తస్రావం తెస్తాయి.

ఇక మార్ఫిన్, ట్రమడాల్, ఫెంటనిల్ వర్గం. పనిచేస్తాయి, అవసరమైతే వాడాల్సిందే. కాని వాటి మోతాదు పెంచుతూ పోతే మగత, వాంతులు, మలబద్ధకం, ఊపిరి మందగించడం, అయోమయం వస్తాయి. కిడ్నీలు బాగా పనిచేయనివాళ్ళలో మార్ఫిన్ ఒంట్లోనే నిలిచిపోతుంది. పైగా పడుకున్నప్పటి నొప్పిని ఇవి తగ్గించినంతగా, కదిలించినప్పటి నొప్పిని తగ్గించలేవు. బ్లాక్ అసలు పనికొచ్చేది అక్కడే.

దీనికి రుజువు ఉందా, లేక కొత్త ఫ్యాషనా?

రుజువు గట్టిగానే ఉంది. తుంటి విరిగినవాళ్ళలో నర్వ్ బ్లాకుల మీద జరిగిన 49 అధ్యయనాలను, మూడు వేలకు పైగా రోగుల సమాచారాన్ని, 2020లో కాక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష ఒక్కచోట చేర్చి చూసింది. బ్లాక్ ఇచ్చిన అరగంటలో, కదిలించినప్పటి నొప్పి పది మార్కుల కొలతలో దాదాపు రెండున్నర మార్కులు అదనంగా తగ్గింది. డెలీరియం తగ్గింది. ఛాతీ ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని, ఆపరేషన్ తర్వాత తొందరగా లేచి అడుగు వేయగలుగుతారని కూడా చెప్పింది, అయితే ఆ రెండింటి విషయంలో కాస్త తక్కువ నమ్మకంతో. అమెరికా అకాడమీ 2021 మార్గదర్శకాల్లో ఆపరేషన్‌కి ముందు నర్వ్ బ్లాక్ ఇవ్వాలన్నది బలమైన సిఫారసు.

కొత్తది అనడానికీ లేదు. గజ్జ దగ్గర ఒక్క సూదితో తొడకి వెళ్ళే మూడు నరాలనీ మొద్దుబరచవచ్చని 1973లోనే ప్రతిపాదించారు. ఇప్పుడు ఎక్కువగా వాడే ఫేషియా ఇలియాకా బ్లాక్ 1989లో పిల్లల ఆపరేషన్ల కోసం మొదలైంది.

ఏ రకం బ్లాక్ మంచిది?

మూడు పేర్లు వింటారు. ఫెమొరల్ నర్వ్ బ్లాక్ అంటే తొడ ముందు భాగానికి వెళ్ళే పెద్ద నరం పక్కనే మందు ఇవ్వడం. ఫేషియా ఇలియాకా బ్లాక్‌లో నరానికి దూరంగా, కండరం మీద ఉండే పలచటి పొర కింద ఎక్కువ మందు నింపుతారు. అది పొర కింద పాకి తొడ నరాన్నీ, తొడ బయటి చర్మానికి వెళ్ళే నరాన్నీ చేరుతుంది. మూడోది పెంగ్ బ్లాక్. 2018లో దీన్ని మొదటిసారి వివరించారు. తుంటి కీలు ముందు గోడకి వెళ్ళే సన్నటి నరపు కొమ్మలను మాత్రమే మొద్దుబరచాలన్నది దీని ఆలోచన. తొడ కండరాల బలం ఎక్కువగా నిలబడుతుంది. కాని చర్మానికి మత్తు రాదు, అల్ట్రాసౌండ్ లేకుండా చేయలేరు.

"యూట్యూబ్‌లో పెంగ్ మంచిదన్నారు, అదే చేయండి" అని పట్టుబట్టకండి. ఎదురుగా ఉన్న డాక్టర్ చేతికి బాగా అలవాటైన బ్లాక్, సమయానికి అందిన బ్లాక్, అదే మీవాళ్ళకి మంచి బ్లాక్.

ఎలా ఇస్తారు? సూది గుచ్చినప్పుడు నొప్పి ఉంటుందా?

ముందు కాలి వేళ్ళు కదులుతున్నాయా, స్పర్శ ఉందా, పాదంలో నాడి అందుతోందా అని చూసి రాసుకుంటారు. మొద్దుబారాక ఇవి పరీక్షించడం కుదరదు కాబట్టి ఇది ముఖ్యం. ఏ వైపు కాలు అన్నది మరోసారి సరిచూసుకుంటారు. మిమ్మల్నీ అడగవచ్చు, విసుక్కోకండి. పల్స్, బీపీ, ఆక్సిజన్ చూపే మానిటర్ తగిలిస్తారు, చేతికి సెలైన్ సూది ఉంచుతారు.

గజ్జ దగ్గర చల్లటి మందుతో శుభ్రం చేసి అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెడతారు. తెర మీద గుండ్రటి నల్ల చుక్క టక్‌టక్‌మని కొట్టుకుంటూ కనిపిస్తుంది, అది తొడ రక్తనాళం. దాని పక్కన కండరం, కండరం మీద తెల్లటి సన్న గీతలా పొర. సూది మొన ఆ గీత కిందికి చేరగానే మందు కొంచెం వదులుతారు. తెల్ల గీత పైకి లేచి, కింద నల్లటి సన్న చెరువులా మందు పరుచుకుంటే సరైన చోటు దొరికినట్టే. మిగతా మందు మెల్లమెల్లగా, మధ్యమధ్యలో సిరంజిని వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకుంటూ ఇస్తారు.

అల్ట్రాసౌండ్ లేని చోట్ల, తుంటి ముందు తగిలే ఎముక మొననీ గజ్జ లోపలి ఎముక మొననీ కలిపే గీత మీద కొలత తీసుకుని, మొద్దు మొన సూదితో ఫేషియా ఇలియాకా బ్లాక్ ఇస్తారు. సూది రెండు పొరలు దాటేటప్పుడు చేతికి రెండు చిన్న "టప్" లు తెలుస్తాయి. ఇదీ సరైన పద్ధతే. కాకపోతే అల్ట్రాసౌండ్‌తో గురి మెరుగ్గా కుదురుతుంది.

చర్మానికి ముందే చిన్న మత్తు సూది వేస్తారు కాబట్టి చురుక్కుమనడం, తర్వాత లోపల నొక్కుతున్నట్టుండటం తప్ప పెద్ద నొప్పి ఉండదు. వెల్లకిలా పడుకునే ఇవ్వచ్చు, పక్కకి తిప్పక్కర్లేదు. విరిగిన కాలున్న మనిషికి ఇది ఎంత మేలో చెప్పక్కర్లేదు.

బరువెంత అని పదే పదే అడుగుతున్నారు, ఎందుకు?

ఎందుకంటే మోతాదు బరువును బట్టి ఉంటుంది, పైగా తుంటి విరిగిన మనిషిని తూకం మీద నిలబెట్టలేరు. బ్యుపివకైన్ సాధారణంగా కిలోకి 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. 45 కిలోల అమ్మమ్మకి అంటే 90 మిల్లీగ్రాములు. 0.25 శాతం మందులో ప్రతి మిల్లీలీటర్‌కి 2.5 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 40 మిల్లీలీటర్లు ఇస్తే 100 మిల్లీగ్రాములై హద్దు దాటిపోతుంది. 30 దగ్గర ఆగితే 75, పర్వాలేదు. ఈ మధ్య ఎప్పుడైనా బరువు చూసి ఉంటే సరిగ్గా చెప్పండి. "ఓ అరవై ఉంటుందేమో" అని పెంచి చెప్పడం కన్నా తెలియదనడం మేలు.

ఎంతసేపట్లో పనిచేస్తుంది? ఎంతసేపు ఉంటుంది?

20 నుంచి 30 నిమిషాల్లో తేడా తెలుస్తుంది. ఒక్కసారి ఇచ్చిన బ్లాక్ మందును బట్టి, మనిషిని బట్టి 8 నుంచి 12 గంటలు ఉంటుంది, కొందరిలో ఇంకా ఎక్కువ. ఆపరేషన్ ఆలస్యమైతే మళ్ళీ ఇవ్వచ్చు, కాని మొదటి మోతాదుకీ రెండో మోతాదుకీ మధ్య తగినంత ఎడం ఉండాలి. కొన్ని ఆసుపత్రుల్లో గజ్జ దగ్గరే సన్నటి గొట్టం (క్యాథెటర్) అమర్చి మందు కొంచెం కొంచెంగా అందిస్తారు.

నొప్పి పూర్తిగా పోతుందా?

చాలామందికి బాగా తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేం. తుంటి కీలుకి ఒక్క నరం కాదు, ముందునుంచి తొడ నరం, లోపలినుంచి ఆబ్ట్యురేటర్ నరం, వెనకనుంచి సయాటిక్ వైపు కొమ్మలు వస్తాయి. గజ్జ దగ్గరిచ్చే బ్లాకులు వెనకవైపువాటిని చేరవు. అందుకే బ్లాక్ ఇచ్చాక కూడా పారాసెటమాల్ ఆపకూడదు. అరగంట గడిచినా కదిలిస్తే మునుపటిలాగే అరుస్తుంటే బ్లాక్ అందలేదన్నమాట. ఆ సంగతి చెప్పండి, ఇంకో దారి చూస్తారు.

రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారు. ఇవ్వచ్చా?

చాలాసార్లు ఇవ్వచ్చు, కాని డాక్టర్ ఒక్కొక్కరి సంగతి చూసి నిర్ణయిస్తారు. వెన్నులో ఇచ్చే మత్తుకి క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, అపిక్సబాన్ లాంటి మందులు అడ్డం పడతాయి. అక్కడ రక్తం గడ్డ కడితే వెన్నుపాము నొక్కుకుపోయే ప్రమాదం ఉంది. ఫెమొరల్, ఫేషియా ఇలియాకా బ్లాకులు చర్మానికి దగ్గరగా ఉండేవి. రక్తం వచ్చినా పైనుంచి చేత్తో అదిమి ఆపవచ్చు. నిజానికి రక్తం పలచబడిందని ఆపరేషన్ వాయిదా పడినవాళ్ళకే ఈ బ్లాక్ అవసరం ఎక్కువ, ఎందుకంటే వాళ్ళే ఎక్కువసేపు ఎదురుచూడాలి. ఏ మందు, చివరి మాత్ర ఏ రోజు, ఎన్నింటికి వేసుకున్నారో కాగితం మీద రాసి ఇవ్వండి.

ఎవరికి ఇవ్వకూడదు?

వద్దన్నవాళ్ళకి, ఈ మందులకి నిజమైన అలర్జీ ఉన్నవాళ్ళకి, సూది పడే చోట చర్మానికి ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళకి ఇవ్వరు. గజ్జ దగ్గర రక్తనాళాల బైపాస్ ఆపరేషన్ జరిగి ఉంటే ముందే చెప్పాలి. షుగర్, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నంత మాత్రాన మానక్కర్లేదు. మార్ఫిన్ తగ్గించాలి కాబట్టి వాళ్ళకే మేలు ఎక్కువ. షుగర్ వల్ల ముందునుంచీ కాళ్ళు తిమ్మిరిగా ఉంటే ఆ మాట కేస్ షీట్‌లో రాయించండి.

మా నాన్నగారికి మతిమరుపు జబ్బు. నొప్పి ఉందో లేదో చెప్పలేరు.

అందరికన్నా ఎక్కువ అన్యాయం జరిగేది వీళ్ళకే. నోరు తెరిచి అడగరు కాబట్టి మందు తక్కువ అందుతుంది, నొప్పి ముదిరి గొడవ చేస్తే నిద్ర మందు ఇస్తారు. నొప్పికి మందు కావాల్సిన చోట మగత తెప్పించడం సరికాదు.

ముఖం చూడండి. నుదురు ముడిపడటం, పళ్ళు బిగించడం, మూలగడం, ఊపిరి ఎగబీల్చడం, తాకబోతే చెయ్యి తోసేయడం, దుప్పటి గుప్పిట్లో నలపడం, ఓదార్చినా ఊరుకోకపోవడం. నర్సులు ఇలాంటి గుర్తులకే మార్కులు వేసే పట్టికలు ఉన్నాయి. ఆయన మామూలుగా ఎలా ఉంటారో మీకు తెలిసినంతగా వార్డులో ఎవరికీ తెలియదు. "ఈయన ఇలా ఉండే మనిషి కాదు" అన్న మీ మాటకి విలువ ఉంది, ధైర్యంగా చెప్పండి. సూది ఇచ్చేటప్పుడు తెలిసినవాళ్ళొకరు చెయ్యి పట్టుకుని తలవైపు నిలబడితే చాలాసార్లు మగత మందు అవసరమే రాదు.

ప్రమాదాలేమిటి? కాలు పడిపోతుందా?

మందు పనిచేస్తున్నంతసేపు తొడ కండరం బలహీనంగా ఉంటుంది. మోకాలు చాచలేకపోతే కంగారు పడకండి, మందు దిగాక తిరిగి వస్తుంది. కమిలిన మచ్చ, కొంచెం వాపు కనిపించవచ్చు. నరం దెబ్బతిని తిమ్మిరి వారాలపాటు మిగలడం అరుదు, శాశ్వతంగా మిగలడం ఇంకా చాలా అరుదు.

అసలు జాగ్రత్త పడాల్సింది మందు రక్తంలోకి ఎక్కువగా వెళ్ళడం గురించి. పెదాల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుప రుచి, చెవుల్లో హోరు, ఉన్నట్టుండి బెదురు, మాట ముద్దగా రావడం దాని తొలి గుర్తులు. ముదిరితే ఫిట్స్ వస్తాయి, గుండె లయ తప్పుతుంది. ఇది అరుదు, దీనికి విరుగుడు కూడా ఉంది: 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు కలిపిన ద్రవం), మొదట కిలోకి 1.5 మిల్లీలీటర్ల చొప్పున సెలైన్ సూది ద్వారా రక్తంలోకి ఇస్తారు. బ్లాక్ తర్వాత కనీసం అరగంట మానిటర్ మీద ఉంచేది ఇందుకే. ఆ అరగంట మీరూ పక్కనే ఉండండి.

బ్లాక్ ఇచ్చాక ఆపరేషన్‌కి మళ్ళీ మత్తు ఎందుకు?

బ్లాక్ నొప్పి తగ్గిస్తుందే గాని ఎముక సరిచేసేంత మత్తు ఇవ్వదు. ఆపరేషన్‌కి స్పైనల్ (వెన్నులో ఇచ్చే మత్తు) గాని జనరల్ (పూర్తిగా నిద్రపుచ్చే మత్తు) గాని వేరుగా ఇస్తారు. స్పైనల్‌కి కూర్చోబెట్టాలన్నా పక్కకి తిప్పాలన్నా, బ్లాక్ పడిన మనిషికి అది తట్టుకోగలిగే పని. బ్లాక్ లేకుండా అదే పని చేసిన మనిషి పడే యాతన థియేటర్‌లో ఉన్నవాళ్ళకే తెలుసు.

బ్లాక్ కోసం కడుపు ఖాళీగా ఉంచాలా?

మామూలుగా అక్కర్లేదు. ఆపరేషన్ సమయం తేలాకే ఆ నియమం. "ఎప్పుడు పిలుస్తారో" అని పొద్దుటినుంచి రాత్రిదాకా నీళ్ళు కూడా పట్టకుండా ఉంచడం పెద్దవాళ్ళకి హాని. ఉత్త నీళ్ళు ఎన్ని గంటల దాకా ఇవ్వచ్చో మత్తు డాక్టర్‌ని అడగండి, సాధారణంగా మత్తుకి రెండు గంటల ముందు దాకా ఇవ్వనిస్తారు.

కాలికి బరువు వేలాడదీస్తే నొప్పి తగ్గదా?

పాత అలవాటు. తుంటి విరిగినవాళ్ళకి ఆపరేషన్‌కి ముందు ఇలా బరువు కట్టడం వల్ల నొప్పి తగ్గుతుందని అధ్యయనాల్లో తేలలేదు. పట్టీ కింద చర్మం ఒరుసుకుపోవడం మాత్రం జరుగుతుంది.

బ్లాక్ తర్వాత మేం ఏం గమనించాలి?

కాలికి స్పర్శ లేదు కాబట్టి వేడి కాపడం, వేడినీళ్ళ బ్యాగ్ దగ్గరికి రానీయకండి, కాలినా తెలియదు. మడమ కింద ఒత్తిడి పడకుండా పిక్క కింద దిండు పెట్టండి. నొప్పి లేదు కదా అని మంచం దిగబోతారు, ఆపండి. ఈ హాయి ఉన్న వేళే నీళ్ళు తాగించండి, దగ్గించండి, నర్స్ సాయంతో పక్కకి తిప్పించండి.

ఇచ్చిన టైం రాసి పెట్టుకోండి. ఏడెనిమిది గంటలు గడిచాక మళ్ళీ నొప్పి మొదలవుతుందని ఎదురుచూసి, ముదరకముందే చెప్పాలి. అర్ధరాత్రి ఒక్కసారిగా నొప్పి తిరగబెడితే డ్యూటీలో ఉన్నవాళ్ళకి అందుకోవడం కష్టం.

మా ఆసుపత్రిలో బ్లాక్ ఇచ్చేవాళ్ళు లేరంటున్నారు. ఏం చేయాలి?

ముందు ఎవరిని అడిగారో చూసుకోండి. ఎముకల వార్డులో లేదన్నది ఆపరేషన్ థియేటర్‌లో ఉండవచ్చు, ఎందుకంటే గజ్జ దగ్గరి బ్లాకులు మత్తు డాక్టర్లకి రోజువారీ పని. శిక్షణ ఉన్న క్యాజువాలిటీ డాక్టర్ కూడా ఇవ్వగలరు. "మత్తు డాక్టర్‌గారితో ఒకసారి మాట్లాడించండి, ఆపరేషన్‌కి ముందే బ్లాక్ కుదురుతుందేమో అడుగుతాం" అని మర్యాదగా, కాని వదలకుండా అడగండి.

నిజంగా లేకపోతే పారాసెటమాల్ ఆరు గంటలకోసారి రాయించండి. దానితోపాటు మార్ఫిన్ వర్గం మందు చిన్న మోతాదుల్లో, ఊపిరినీ మగతనీ గమనిస్తూ ఇవ్వమని, మలబద్ధకానికి మందు మొదటి రోజే మొదలుపెట్టమని అడగండి. స్కానింగ్‌కో వేరే ఆసుపత్రికో తీసుకెళ్ళాల్సి వస్తే, స్ట్రెచర్ ఎక్కించడానికి ముందే ఆ మందు పనిచేయడం మొదలై ఉండాలి. ఎక్కించాక ఇస్తే ఎక్కించేటప్పటి నొప్పికి అందదు.